రాత్రి అందరూ పడుకున్నాక ఆగకుండా తినేస్తున్నాను. దీన్నుంచి బయటపడినవాళ్లు ఉన్నారా?

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. నా వయసు ఇరవై తొమ్మిది. మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగం, పీజీలో ఉంటాను. ఇంట్లో కూడా చెప్పని సంగతి ఇక్కడ రాస్తున్నాను, దయచేసి తిట్టకండి.

పొద్దున టిఫిన్ తినను, కాఫీతో సరిపెట్టుకుంటాను. మధ్యాహ్నం ఆఫీసులో రెండు పుల్కాలు, కాస్త కూర. పక్కన కూర్చునేవాళ్లు "నీకు ఎంత కంట్రోలో" అని మెచ్చుకుంటారు. రాత్రి పదకొండు దాటిందంటే ఆ కంట్రోల్ ఏమీ ఉండదు. ఒక్క బిస్కెట్ అనుకుని మొదలుపెడతాను. ప్యాకెట్ అయిపోతుంది. ఇంటి నుంచి పంపిన జంతికల డబ్బా తీస్తాను. ఆ తర్వాత ఫోన్‌లో ఆర్డర్. ఏం తింటున్నానో రుచి కూడా తెలియదు. కూర్చోలేనంతగా పొట్ట నొప్పెడితే గానీ ఆగదు. రూమ్మేట్ కంట పడకుండా కవర్లన్నీ బ్యాగులో కుక్కుకుని పొద్దున దారిలో పారేస్తాను. మర్నాడంతా శిక్షగా పస్తు ఉంటాను. ఆ రాత్రో, తర్వాతి రాత్రో మళ్లీ అదే.

సంబంధాలు చూడటం మొదలైనప్పుడు డైట్ మొదలుపెట్టాను. దాదాపు అప్పటినుంచీ ఇది ఉంది. ఇది జబ్బా, లేక నాకు నిగ్రహం లేకపోవడమా? ఎవరైనా చెప్పగలరా?

పల్నాటిమిర్చి

చెల్లీ, ధైర్యంగా రాశావు. నాకు తోచింది చెబుతున్నా. రాత్రి ఎనిమిది తర్వాత తిండి ముట్టనని గట్టిగా అనుకో. ఆకలేస్తే రెండు గ్లాసుల మంచినీళ్లు తాగు. తప్పిన మర్నాడు పూర్తి ఉపవాసం పెట్టు. మనసు గట్టి చేసుకుంటే ఏదైనా సాధ్యమే.

సీతాఫలం

మిర్చి గారూ, మీరు ఆ అమ్మాయి మంచి కోరే చెప్పారు. కానీ ఆమె చేస్తున్నది అదే కదా. పగలంతా గట్టిగా ఉంటోంది, మర్నాడు పస్తు ఉంటోంది. నిగ్రహం తక్కువైనవాళ్లు పొద్దున్నుంచి రాత్రిదాకా రెండు పుల్కాల మీద ఆఫీసు పని చెయ్యలేరు. నేను ఈ బాధలో చాలా ఏళ్లు ఉండి బయటికొచ్చినదాన్ని. తీరిగ్గా రాస్తాను. ఈలోగా డాక్టర్లెవరైనా ఉంటే మాట్లాడండి.

వాల్తేరుగాలి

విశాఖలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మనిషిని చూడకుండా ఇక్కడ జబ్బు నిర్ధారించలేను. కానీ కృష్ణాతీరం గారు అడిగినదానికి నాకు తెలిసిన జవాబు చెబుతాను.

ఇలాంటి తిండి తీరు గురించి అమెరికా మానసిక వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్ 1959లోనే రాశారు. విడి జబ్బుగా గుర్తించడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తెచ్చిన జబ్బుల జాబితా డీఎస్ఎం-5లో దీన్ని 'బింజ్ ఈటింగ్ డిజార్డర్' పేరుతో ప్రత్యేకంగా చేర్చారు. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా ఐసీడీ-11లో కూడా ఉంది. కాబట్టి ఉన్నదాన్ని లేనట్టు చూడక్కర్లేదు.

మేం ముందు చూసేది రెండు విషయాలు. కొద్దిసేపట్లో, అంటే సుమారు రెండు గంటల్లో, అదే సందర్భంలో ఇతరులు తినేదానికన్నా బాగా ఎక్కువ తినడం ఒకటి. తింటున్నప్పుడు ఆపడం తన చేతుల్లో లేదనిపించడం రెండోది. వీటికి తోడు గబగబా తినడం, కడుపు ఇబ్బందిపెట్టేదాకా తినడం, ఆకలి లేకున్నా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తర్వాత తన మీద తనకే అసహ్యం కలగడం. ఈ ఐదింటిలో కనీసం మూడు ఉండాలి. సగటున వారానికి ఒక్కసారైనా, మూడు నెలలపాటు జరుగుతూ ఉండాలి. పెళ్లి భోజనంలో మొహమాటానికి ఎక్కువ తినడం, పండక్కి నాలుగు బూరెలు అదనంగా తినడం దీని కిందికి రావు.

మీరు రాసింది వీటికి చాలా దగ్గరగా ఉంది. అందుకే కొన్ని ప్రశ్నలు. తిన్నది బయటికి పోవాలని వాంతి చేసుకోవడం, విరేచనాల మందులు వాడటం ఉందా? ఉంటే అది బులీమియా అనే వేరే జబ్బు కావచ్చు, దాని ప్రమాదాలు వేరు. స్టెరాయిడ్లు గానీ, ఒలాంజపిన్ లాంటి మానసిక వైద్యపు మందులు గానీ వాడుతున్నారా? అవి ఆకలిని బాగా పెంచుతాయి. పీసీఓఎస్ (ఆడవాళ్లలో వచ్చే హార్మోన్ల సమస్య), థైరాయిడ్, షుగర్ పరీక్షలు ఎప్పుడైనా చేయించారా? బతకాలని లేదన్న ఆలోచనలు వస్తున్నాయా? చివరి ప్రశ్నకి అవును అయితే ఇక్కడ జవాబు రాయడానికి ఆగకండి. 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ-మానస్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు.

కృష్ణాతీరం

చచ్చిపోవాలన్న ఆలోచనలు లేవు మేడమ్. మనసు మాత్రం చాలా బాధగా ఉంటుంది. వాంతులు, మందులు ఏమీ లేవు. పీసీఓఎస్ ఉంది. డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ "బరువు తగ్గమ్మా" అంటారు. ఇంటికొచ్చి కొత్త డైట్ మొదలుపెడతాను. కొవ్వులే తినే డైట్, ద్రవాలే తాగే డైట్, ఒక్కపూట తిండి, అన్నీ అయ్యాయి. ప్రతి డైట్‌లోనూ మొదట్లో బాగా తగ్గాను. ఆ తర్వాత ఈ రాత్రులు ఇంకా పెరిగాయి.

వాల్తేరుగాలి

పీసీఓఎస్ ఉన్న ఆడవాళ్లలో ఈ సమస్య ఎక్కువగానే కనిపిస్తుంది. ఈసారి వెళ్లినప్పుడు ఆ డాక్టర్‌కి రాత్రుల సంగతి కూడా చెప్పండి. తెలియకపోతే వాళ్లు తగ్గమనే అంటారు.

డైట్ తర్వాత పెరగడంలో వింత లేదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. యుద్ధం చెయ్యబోమని, దాని బదులు ఈ ప్రయోగానికి వస్తామని ముందుకొచ్చిన 36 మంది యువకులు అందులో ఉన్నారు. శరీరంలోనూ మనసులోనూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే ఏరి తీసుకున్నారు. 24 వారాలు అరకడుపు తిండి పెట్టారు. కొన్నాళ్లకి వాళ్లకి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదువుకున్నారు, కలల్లో తిండి, మాటల్లో తిండి. తర్వాత మామూలుగా తినమన్నప్పుడు కొందరు కడుపు పగిలేలా తిన్నా ఆకలి తీరలేదన్నారు. వాళ్లలో ఎవరికీ ముందు ఈ సమస్య లేదు. ఆకలితో ఉంచితే ఒళ్లు అలా తిరగబడుతుంది.

ఇంకో ప్రయోగం 1975 నాటిది, హెర్మన్, మాక్ అనే ఇద్దరు చేశారు. డైట్ పాటించేవాళ్లకి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీమ్ ఎంత కావాలంటే అంత తినమన్నారు. మిల్క్‌షేక్ తాగినవాళ్లు తక్కువ తినాలి కదా? తాగని డైట్ వాళ్లకన్నా ఎక్కువ తిన్నారు. ఎలాగూ ఈ రోజు నియమం పోయింది, ఇంక ఎంత తింటే ఏం? మనవాళ్లు మునిగినవాడికి చలేమిటి అంటారు చూడండి, అదే. మీ ఒక్క బిస్కెట్ తర్వాత జరుగుతున్నది కూడా అదే. "బిస్కెట్ అసలు తినకూడదు" అన్న నియమం లేకపోతే, ఒక బిస్కెట్‌తో నియమం విరగడమూ ఉండదు.

ఇదొక్కటే కారణం అనను. కుటుంబంలో వచ్చే గుణం, దిగులు, నిద్ర లేకపోవడం, చిన్నప్పుడు పడ్డ మాటలు, అన్నీ ఉంటాయి. కానీ మీకు రేపు పొద్దునే చేతికి అందేది ఇదే. రోజూ సమయానికి తినడం.

సీతాఫలం

ఇప్పుడు నా సంగతి. వరంగల్‌లో టీచర్ని, నలభై దాటాయి. పెద్దబాబు పుట్టిన తర్వాత ఒళ్లు వచ్చిందని అందరూ అనడం, నేను మాడటం, మాడి మాడి స్టోర్‌రూమ్‌లో నిలబడి తినడం. పప్పు చెక్కలు, బెల్లం, పచ్చి కొబ్బరి, పొద్దుటి అన్నం, ఏది దొరికితే అది. ఇంట్లో అందరికీ వండి పెట్టేది నేనే, అందరితో కూర్చుని తినేది మాత్రం కాదు. మా వారు "నువ్వేం తినవే, అయినా తగ్గవేంటి" అని జాలిపడేవారు.

హైదరాబాద్‌లో ఒక సైకాలజిస్ట్ దగ్గరికి మా చెల్లి తీసుకుపోయింది. ఆమె మొదటి రోజు బరువు గురించి ఏమీ అనలేదు. ఒక నోట్‌బుక్ ఇచ్చి తిన్నది తిన్న వెంటనే రాయమన్నది. ఎంత తిన్నానో తూకాలు వద్దు, క్యాలరీలు వద్దు. ఎప్పుడు, ఎక్కడ, ఏం తిన్నాను, ఆ ముందు ఏం జరిగింది, మనసు ఎట్లుంది, అంతే. రాస్తుంటే నాకే కనబడ్డది: నిలబడి తిన్న ప్రతిసారీ అంతకుముందు ఆరేడు గంటలు ఏమీ తినలేదు. లేకపోతే అత్తగారింటి నుంచి ఫోన్ వచ్చి ఉంది. చాలాసార్లు రెండూ.

తర్వాత ఆమె చెప్పింది మూడు పూటల తిండి, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, ఏ రెండింటి మధ్యా నాలుగు గంటలు దాటొద్దు. ఆకలి ఉన్నా లేకపోయినా. నాకు భయమేసింది. ఇంత తింటే ఏనుగు లెక్క అవుతనని ఏడ్చిన. పొద్దున ఏడున్నరకి ఇడ్లీ గానీ ఉప్మా గానీ, బడిలో పదకొండుకి జామకాయ గానీ మజ్జిగ గానీ, ఒంటిగంటకి అన్నం, పప్పు, కూర, పెరుగు, సాయంత్రం చాయ్‌తో ఉడకబెట్టిన పల్లీలు, రాత్రి ఎనిమిదిన్నరకి పిల్లలతో కలిసి భోజనం. ఇది డైట్ కాదు, మామూలు ఇల్లు నడిచే పద్ధతి. నేనొక్కదాన్ని దాన్నుంచి బయట ఉన్నాను.

అన్నిటికన్నా కష్టం ఏంటంటే, రాత్రి విపరీతంగా తిన్న మర్నాడు పొద్దున టిఫిన్ తినడం. కడుపు నిండుగా ఉంటుంది, మనసు "నీకు సిగ్గు లేదా" అంటుంది. ఆ ఇడ్లీ తినకపోతే ఆ రాత్రి మళ్లీ స్టోర్‌రూమే. చిన్నదైనా తిను, ఒక్క ఇడ్లీ అయినా తిను, కృష్ణా. ఈ మొత్తం తంతు తెగేది అక్కడే. నాకు రాత్రిపూట బిగించుకుని కూర్చోవడంతో తగ్గలేదు, పొద్దున తినడంతో తగ్గింది.

ఒక్కసారిగా పోలేదు. ముందు గ్యాప్ పెరిగింది. తర్వాత జరిగినా మధ్యలో ఆపగలిగిన. ఇప్పుడు పండగలకి అరిసెలు వండి డబ్బాలో పెడితే, అవి డబ్బాలో ఉన్నాయన్న సంగతే గుర్తుండదు. ఆ నిశ్శబ్దం నాకు బరువు తగ్గడంకన్నా ఎక్కువ.

పల్నాటిమిర్చి

సీతాఫలం గారూ, శ్రద్ధగా చదివాను. ఒక సందేహం. మా ఇంట్లో శనివారం ఒంటిపూట, కార్తీక సోమవారాలు ఉపవాసం. మా ఆవిడకి కూడా పండగ తర్వాత ఇలాంటి బాధ కొంచెం ఉంది. ఉపవాసాలు మానెయ్యమంటారా? దేవుడి విషయం కదా.

సీతాఫలం

మానెయ్యాలని నేనెవర్ని చెప్పడానికి? కానీ నా మట్టుకు నేను, శనివారం పేరు దేవుడిది, లెక్క బరువుది అని నాకు తెలుసు. అందుకని కొన్నేళ్లు ఆపాను. బాలింతలకి, రోగులకి, ముసలివాళ్లకి ఉపవాసం పట్టింపు లేదని మా అమ్మమ్మ చెప్పేది. పాలు, పండ్లు తీసుకుంటూ దీపం పెట్టుకున్నాను, ఏ లోటూ అనిపించలేదు.

గుంటూరుభాయ్

మా దగ్గరా అంతే. రోగం ఉన్నవాళ్లకి రంజాన్ రోజాల నుంచి ఖురాన్‌లోనే మినహాయింపు ఉంది. తర్వాత ఉండొచ్చు, ఉండలేని పరిస్థితి అయితే పేదలకి అన్నం పెట్టొచ్చు. మా అక్కకి తిండి సమస్య ఉన్నప్పుడు ఇంట్లో ఈ మాట చెప్పడానికి మౌల్వీ సాబ్ దగ్గరికి వెళ్లాం. ఆయన చెప్పాక అమ్మ ఒత్తిడి పెట్టలేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదంటే వాళ్లు గౌరవించే మనిషితో చెప్పించండి.

టెక్సాస్‌గాలిపటం

డల్లాస్ దగ్గర ఉంటాను, మగవాణ్ని. ఇది ఆడపిల్లల సమస్య అనుకుని మగవాళ్లు బయటపడరు, అందుకని రాస్తున్నాను. అనొరెక్సియా (బరువు భయంతో తిండి బాగా తగ్గించేసే జబ్బు), బులీమియాలతో పోలిస్తే దీంట్లో మగవాళ్ల వాటా చాలా ఎక్కువ. నాది కారులో. ఆఫీసు నుంచి ఇంటికొచ్చే దారిలో డ్రైవ్-త్రూ, తర్వాత ఇంకో డ్రైవ్-త్రూ, పార్కింగ్‌లో తినేసి, ఇంటికొచ్చి భార్య పెట్టిన భోజనం మళ్లీ తినేవాణ్ని. బాగా తింటాడు అని స్నేహితులు పార్టీల్లో ముచ్చటపడేవాళ్లు.

ఇక్కడ థెరపిస్ట్ సీబీటీ చేశారు, అంటే ఆలోచనలనీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన పద్ధతి. సీతాఫలం గారు చెప్పిన నోట్‌బుక్, సమయానికి తిండి, అందులో మొదటి మెట్లు. మందు సంగతి కూడా వచ్చింది. లిస్డెక్సాంఫెటమిన్ అనే మందుకి 2015 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ ఈ జబ్బుకి అనుమతి ఇచ్చింది, పెద్దవాళ్లలో, మధ్యస్థం నుంచి తీవ్రంగా ఉన్నవాళ్లకి. బరువు తగ్గించే మందుగా ఇవ్వరు. ఉత్తేజకం కాబట్టి అలవాటుపడే ప్రమాదం ఉంది, బీపీ, గుండె చూసి ఇస్తారు. నాకు బీపీ ఉంది కాబట్టి డాక్టర్ వద్దన్నారు. థెరపీతోనే నడిచింది. ఎవరో వాడారని మందులు తెప్పించుకోకండి.

నాకు బాగా పనికొచ్చింది ఒకటి చెబుతాను. తినెయ్యాలన్న తపన వచ్చినప్పుడు దాంతో కుస్తీ పట్టకుండా, అది పెరిగి తగ్గేదాకా వేరే చోట ఉండటం. నేను కారు ఆపి మా నాన్నకి ఫోన్ చేసేవాణ్ని, ఇండియాలో అప్పుడు తెల్లవారుతుంటుంది. కాసేపు పొలం కబుర్లు. తపన చాలాసార్లు దానంతట అదే సద్దుమణిగేది. కానీ మధ్యాహ్నం భోజనం మానేసిన రోజు ఏ ఫోనూ పనిచెయ్యదు. అది ఆకలి, దానికి అన్నమే కావాలి.

రాజమండ్రిరేవు

నాకు షుగర్. గ్లిమిపిరైడ్ వేసుకుంటాను. షుగర్ ఉన్నవాళ్లకి ఒక మాట. మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, కంగారు. అప్పుడు కనిపించిందల్లా తినేస్తాం. అది నిగ్రహం విషయం కాదు, ప్రాణం అడుగుతుంది. మీటరుతో చూసుకోండి. 70 కన్నా తక్కువ ఉంటే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలని మా డాక్టర్ చెప్పారు. తర్వాత మామూలు భోజనం. మాటిమాటికీ ఇలా అవుతుంటే మందు మోతాదు మార్చాలి, మనం సొంతంగా ఆపకూడదు.

నాకున్న ప్రశ్న: నాకు డాక్టర్ బరువు తగ్గాలన్నారు, ఇక్కడేమో డైట్ వద్దంటున్నారు. ఏది వినాలి?

వాల్తేరుగాలి

రెండూ వినండి, ఒకదాని తర్వాత ఒకటి. ముందు ఈ విపరీత తిండి ఆగాలి. అది జరుగుతుండగా డైట్ మొదలుపెడితే రెండూ చెడతాయి. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2017 మార్గదర్శకాల్లో కూడా, ఈ చికిత్స లక్ష్యం బరువు తగ్గించడం కాదని, బరువు మీద దాని ప్రభావం తక్కువని రోగికి ముందే చెప్పమన్నారు. ఇది ముందే తెలియకపోతే కాటా చూసి నిరాశపడి మధ్యలో వదిలేస్తారు. మీ విషయంలో షుగర్ డాక్టరూ, మానసిక వైద్యులూ మాట్లాడుకోవాలి. ఏ పూట ఏం తినాలన్నది మందు సమయాలతో కలిపి చూడాల్సిన పని.

నైస్ చెప్పే వరుస కూడా చెబుతాను. ముందు స్వయంగా చదువుకుని చేసుకునే కార్యక్రమం, మధ్యమధ్యలో నిపుణుల చిన్న సెషన్ల సాయంతో. అది చాలకపోతే బృంద సీబీటీ, అదీ కాకపోతే విడిగా సీబీటీ, సాధారణంగా 16 నుంచి 20 సెషన్లు. మందులొక్కటే చికిత్సగా ఇవ్వొద్దంటారు.

కృష్ణాతీరం

నాకో అనుమానం. రూములో బిస్కెట్లు, జంతికలు ఉంచుకోవాలా, పారెయ్యాలా? లేకపోతే ఫోన్‌లో ఆర్డర్ పెడతాను.

టెక్సాస్‌గాలిపటం

నేనైతే మొదట్లో ఇంట్లో ఉంచలేదు. ఫోన్‌లోంచి డెలివరీ యాప్‌లు తీసేశాను, కార్డు వివరాలు చెరిపేశాను. మళ్లీ అన్నీ ఎక్కించాలంటే కాస్త టైమ్ పడుతుంది, ఆ టైమ్ పనికొస్తుంది.

సీతాఫలం

నాకు అందులో సగమే నచ్చింది. మొదట్లో సరే. కానీ ఎప్పటికీ ఇంట్లో లేకుండా చేస్తే, పెళ్లిలోనో బంధువుల ఇంట్లోనో కనబడగానే మళ్లీ మొదలు. మా మేడమ్ నాకు భయమున్న పదార్థాల జాబితా రాయించింది. తక్కువ భయం ఉన్నదానితో మొదలుపెట్టి, ఒక్కొక్కటి భోజనంలో కలపమన్నది. ఒంటరిగా కాదు, ఆకలి మీద కాదు, నిలబడి కాదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక రెండు జంతికలు ప్లేట్లో పెట్టుకుని అందరితో కూర్చుని. సున్నుండ దగ్గరికి వచ్చేసరికి చాలా కాలం పట్టింది.

వాల్తేరుగాలి

ఇద్దరూ చెప్పింది కలుపుకోవచ్చు. సమయానికి తినడం కుదురుకున్నాకే సీతాఫలం గారి రెండో భాగం మొదలుపెట్టండి. తొందరపడితే దెబ్బతింటారు.

ఇంటిదీపం

నేను అమ్మని. మా అమ్మాయికి పదిహేడు, విజయవాడలో హాస్టల్లో ఇంటర్ చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడు మంచం కింద చాక్లెట్ కాగితాలు, ఖాళీ ప్యాకెట్లు దొరికాయి. భోజనం అవగానే బాత్‌రూమ్‌కి వెళ్లి నల్లా తిప్పి చాలాసేపు ఉంటోంది. బుగ్గలు వాచినట్టున్నాయి. వాళ్ల నాన్న వంటగది అలమరకి తాళం పెడదామంటున్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. ఎలా అడగాలి?

వాల్తేరుగాలి

అమ్మా, మీరు గమనించడమే పెద్ద సాయం. తాళం వెయ్యొద్దు. దాచుకోవడం పెరుగుతుంది, అంతే. మీరు చెప్పినవి వాంతులకి గుర్తులు కావచ్చు, కాబట్టి ఆలస్యం వద్దు. పదేపదే వాంతులైతే ఒంట్లో పొటాషియం పడిపోతుంది, దాంతో గుండె లయ తప్పవచ్చు. ఈ వారంలోనే ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లి రక్తంలో పొటాషియం, ఇతర లవణాలు చూపించండి, ఈసీజీ తీయించండి. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడ వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. వాంతి చేసుకున్న వెంటనే పళ్లు తోమొద్దని చెప్పండి, ఆమ్లంతో మెత్తబడ్డ ఎనామిల్ అరిగిపోతుంది. నీళ్లతో పుక్కిలిస్తే చాలు.

ఎలా అడగాలి అంటే, భోజనం దగ్గర కాకుండా, నాన్న తమ్ముడు అందరూ ఉన్నప్పుడు కాకుండా, మీరిద్దరే ఉన్నప్పుడు. దొరికిన కాగితాలు ముందు పెట్టి నిలదీయొద్దు. "నువ్వు కొన్నాళ్లుగా బాధపడుతున్నట్టు అనిపిస్తోంది, తిండి విషయం కష్టంగా ఉందా? నేను కోప్పడను, కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్దాం" అంటే చాలు. మొదటిసారి కాదంటుంది. మళ్లీ అడగండి. ఇంట్లో ఎవరి ఒళ్లు గురించీ, మీ ఒళ్లు గురించి కూడా, వ్యాఖ్యలు ఆపెయ్యండి.

గుంటూరుభాయ్

అమ్మగారూ, మా అక్క కూడా మొదట ఒప్పుకోలేదు. మా అమ్మ అడగడం ఆపలేదు, కోప్పడనూ లేదు. ఒక రోజు అక్కే వచ్చి చెప్పింది.

పల్నాటిమిర్చి

ఖర్చు సంగతి కూడా ఎవరైనా రాయండి. అందరూ ప్రైవేటులో చూపించుకోలేరు.

వాల్తేరుగాలి

ప్రభుత్వంలో ఉన్నాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, ఇవి కాక మెడికల్ కాలేజీల బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ. టెలీ-మానస్ వాళ్లు మీ జిల్లాలో ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. ప్రైవేటులో సైకాలజిస్టుని ఎంచుకునేటప్పుడు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, అడగడంలో తప్పేమీ లేదు. తిండి సమస్యలకి సీబీటీ చేసిన అనుభవం ఉందా అని కూడా. బీమా ఉన్నవాళ్లు పాలసీ చూసుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీర జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలి. ఓపీ ఖర్చులు అసలే ఇవ్వని పాలసీ అయితే మాత్రం మానసిక జబ్బుల ఓపీకీ ఇవ్వదు.

కృష్ణాతీరం

కొన్ని వారాల తర్వాత రాస్తున్నాను. ఆఫీసుకి దగ్గరలో ఒక సైకాలజిస్ట్ దొరికారు, ఆన్‌లైన్‌లో మాట్లాడుతున్నాం. నోట్‌బుక్ బదులు ఫోన్‌లో రాస్తున్నాను. పొద్దున పీజీలో పెట్టేది ఏదైనా తింటున్నాను. సాయంత్రం ఆరింటికి తినడం మొదలుపెట్టాక రాత్రి పదకొండింటికి తల తిరిగే ఆకలి లేదు. రాత్రులు పూర్తిగా పోలేదు, బాగా తగ్గాయి. సీతాఫలం అక్కా, మర్నాడు ఇడ్లీ నిజంగానే అన్నిటికన్నా కష్టం. ఏడుస్తూ తిన్న రోజు కూడా ఉంది. కానీ ఆ రాత్రి ఏమీ జరగలేదు.

రూమ్మేట్‌కి చెప్పేశాను. తను ఏమీ అనలేదు, రాత్రి భోజనానికి నాకోసం ఆగుతోంది.

వచ్చే నెల ఏలూరులో మా పిన్ని కూతురి పెళ్లి. మా మేనత్త కనబడగానే "ఏమే, ఒళ్లు చేశావ్" అంటుంది, పది మందిలో. నాకు అప్పుడే టెన్షన్ మొదలైంది. పెళ్లికి ముందు కొంచెం తగ్గించుకుని వెళ్దామా అన్న ఆలోచన కూడా వస్తోంది.

సీతాఫలం

ఆ ఆలోచన వచ్చిందని మీ సైకాలజిస్ట్‌కి చెప్పు, దాచకు. తగ్గించుకుని వెళ్లావంటే పెళ్లి భోజనం దగ్గర ఏమవుతుందో నీకు తెలుసు. పెళ్లి రోజు ముహూర్తం ఎప్పుడైనా సరే, పొద్దున టిఫిన్ తినే పందిట్లోకి వెళ్లు. ముహూర్తం మధ్యాహ్నం దాటితే మధ్యలో ఏదైనా తిను, బ్యాగులో అరటిపండు పెట్టుకో. బంతిలో అందరితో కూర్చుని, పెట్టినవాటిలో నీకు ఇష్టమైనవి తిను, వద్దన్నది వద్దను.

మేనత్తకి జవాబు ముందే అనుకుని పెట్టుకో. "బాగున్నాను అత్తయ్యా, మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి?" అని మాట మార్చెయ్యి. పక్కన నీ తరఫు మనిషి ఒకరుండాలి. అమ్మకి చెప్పే ధైర్యం ఉంటే ఇప్పుడే చెప్పు. అమ్మే వాళ్ల వదినతో ముందుగా మాట్లాడొచ్చు.

కృష్ణాతీరం

అమ్మకి ఈ ఆదివారం చెబుతాను అక్కా. ఫోన్‌లో కాదు, ఇంటికెళ్లి.

ఇంటిదీపం

వాల్తేరుగాలి గారికి చాలా కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే అడిగాను. మొదటిసారి విసుక్కుని వెళ్లిపోయింది, రెండోసారి నా ఒళ్లో పడి ఏడ్చింది. పొటాషియం కాస్త తక్కువగా ఉందన్నారు, మందు ఇచ్చారు, ఈసీజీ బాగానే ఉంది. సైకియాట్రిస్ట్ దగ్గర సోమవారం అపాయింట్‌మెంట్. వాళ్ల నాన్న కూడా వస్తానంటున్నారు. రానివ్వాలా? అమ్మాయి నాన్న ముందు నోరు విప్పదు.

వాల్తేరుగాలి

రానివ్వండి. మొదట అమ్మాయిని ఒంటరిగా మాట్లాడనివ్వమని డాక్టర్‌ని మీరే అడగండి, తర్వాత మీ ఇద్దరినీ పిలుస్తారు. ఈ వయసు పిల్లలకి ఇంట్లోవాళ్లని కూడా చికిత్సలో కలుపుతారు, కాబట్టి నాన్నగారికి పని ఉంటుంది. హాస్టల్‌కి తిరిగి పంపడం గురించి ఆ రోజే అడగండి. పొటాషియం మళ్లీ ఎప్పుడు చూడాలో కూడా రాయించుకుని రండి.

ఇంటిదీపం

సరేనండి. ఈ రెండూ కాగితం మీద రాసుకున్నాను. సోమవారం వెళ్లొచ్చాక మళ్లీ రాస్తాను.